సైకిలు అందే దూరంలో సెలవు



సెలవు అనగానే మనకి ముందు దూరం గుర్తొస్తుంది. నాలుగు రోజులు వరసగా కలిసొస్తే అరకు, ఊటీ. చేతిలో ఇంకాస్త డబ్బుంటే కాశ్మీరు. టిక్కెట్లకి రెండు నెలల ముందు నుంచీ తాపత్రయం, గదులకి వెతుకులాట, కారుకి బేరం. తీరా వెళ్ళాక అక్కడా ఊరంత జనం. ఆ ప్రయాణాలు వద్దని నేననను. దేశం చూడాల్సిందే, కొండలూ సముద్రాలూ చూడాల్సిందే. కాకపోతే ఏడాదికి 52 ఆదివారాలు వస్తాయి. వాటిలో ఊటీకి పోయేవి ఒకటో రెండో. మిగతావన్నీ టీవీ ముందూ, ఫోను చేత్తో పట్టుకునీ, మధ్యాహ్నపు నిద్రలోనూ కరిగిపోతున్నాయి. ఈ పూట నేను మాట్లాడేది ఆ మిగతా ఆదివారాల గురించే.

నేనుండేది రాజమహేంద్రవరంలో. చెప్పబోయేదంతా మా ఊరి నుంచి సైకిలు మీద ఒక పూటలో వెళ్ళి రాగలిగిన నేల గురించి. ఆ నేల మీద సైకిలు తొక్కడం, కాలవ గట్టున గాలం వేసుకుని కూర్చోవడం, చలికాలంలో ఒక రాత్రి ఆరుబయట మకాం పెట్టడం. వీటిలో ఏదీ కొత్త కాదు. మన తాతలు పని మీద చేసినవే. మనకి తీరిక ఉండి కూడా చేయకపోవడమే నాకు బాధ. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఒక చోటు మనకి తెలియాలంటే అన్ని రుతువుల్లోనూ అక్కడికి వెళ్ళాలి. అన్ని రుతువుల్లోనూ వెళ్ళాలంటే అది దగ్గరుండాలి. ఒక్కసారి చూసిన చోటు ఎంత గొప్పదైనా అక్కడ మనం చుట్టాలమే.

మా వైపు తెల్లవారుజామున సైకిలు తీస్తే ముందు వచ్చేది ఏటిగట్టు. కుడిచేతి పక్కన గోదావరి, ఎడం పక్కన ఊరు. అలా దక్షిణంగా సాగితే దవళేశ్వరం. 1847లో ఆర్థర్ కాటన్ ఇక్కడే ఆనకట్ట పని మొదలుపెట్టాడు, 1852కి పూర్తయింది. ఇప్పుడు మనం దాటేది ఆ పాత ఆనకట్ట కాదు, తరవాత కట్టిన బ్యారేజీ. దానికీ కాటన్ పేరే పెట్టారు. దవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో లంకలు. కారులో వెళ్ళేవాడికి ఇదంతా ఒకే వంతెన. సైకిలు మీద వెళ్ళేవాడికి మాత్రం దవళేశ్వరం ముక్క ఎక్కడ అయిపోయిందో, పిచ్చుకలంక ఎక్కడ మొదలైందో, మళ్ళీ నీళ్ళు ఎక్కడ వచ్చాయో ఒంటికే తెలుస్తుంది. నీళ్ళ మీద ఉన్నంతసేపూ గాలి పక్క నుంచి తోస్తుంది. లంకలోకి రాగానే ఆగిపోతుంది, మట్టి వాసన తగులుతుంది.

బొబ్బర్లంకలో టీ తాగి ఎడమకి తిరిగితే కోనసీమ. అక్కణ్ణించి ఆత్రేయపురం దాకా దారంతా కాలవ పక్కనే. ఎత్తుపల్లాలు లేవు, కొబ్బరిచెట్ల నీడ, ఎండ ముదిరేలోపు చేరిపోవచ్చు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట, కుండ మీద పలచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ ఒక్కసారి ఇలా పరిచి అలా లాగడం, రేకు లేచి రావడం. ఆ పని చేసే ఆడవాళ్ళ చేతివేగం పక్కన నిలబడి చూడాల్సిందే.

అక్కడికి దగ్గర్లోనే లొల్ల లాకులున్నాయి. సినిమాల్లో చాలామంది చూసే ఉంటారు. ఈ కాలవలు తవ్వినప్పుడు నీళ్ళు పొలాలకి పారితే చాలనుకోలేదు కాటన్, పడవలు కూడా నడవాలన్నాడు. కాలవ ఎగువన ఎత్తుగా, దిగువన పల్లంగా ఉంటుంది కదా, పడవ ఆ ఎత్తు ఎలా దిగాలి? దానికే లాకు. రెండు జతల తలుపులు, మధ్యలో ఒక తొట్టి. పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూసి, నీళ్ళు నెమ్మదిగా కిందికి వదులుతారు. నీళ్ళతోపాటు పడవా దిగుతుంది. దిగువ మట్టానికి రాగానే ముందు తలుపులు తీస్తారు, పడవ సాగిపోతుంది. ధాన్యం, కొబ్బరి, బెల్లం, పెళ్ళివారు, అందరూ ఒకప్పుడు ఇలాగే దిగారు, ఎక్కారు. పిల్లల్ని తీసుకెళితే ఇది బొమ్మ గీసి చెప్పక్కర్లేదు. అక్కడ నిలబెట్టి, ఇది తలుపు, ఇది తొట్టి అని చూపిస్తే పదేళ్ళ పిల్లకి అర్థమైపోతుంది. ఒక్క జాగ్రత్త. లాకుల దగ్గర, షట్టర్ల దగ్గర నీళ్ళు పైకి నిదానంగా కనిపించినా అడుగున లాగేస్తాయి. మెట్లకి పాచి పడుతుంది. అక్కడ దిగడం, స్నానం చేయడం ఎంత ఈతగాడికైనా తగదు.

సైకిలు గురించి రెండు మాటలు. ఇరవై గేర్ల సైకిలు ఉండాలని ఎవరైనా చెబితే మా డెల్టా వరకూ నమ్మకండి. ఈ నేల పళ్ళెమంత చదును. పాలబ్బాయి తొక్కే సైకిలు చాలు. చూసుకోవాల్సింది సీటు ఎత్తు. పెడలు అట్టడుగుకి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి. సీటు అంతకంటే కిందికి ఉంటే పది కిలోమీటర్లకే మోకాలు పట్టేస్తుంది, అదేదో వయసు వల్ల అనుకుని జనం సైకిలు మానేస్తారు. టైర్లలో గాలి గట్టిగా ఉండాలి. సంచిలో చిన్న పంపు, రెండు ప్యాచీలు, సొల్యూషన్ ట్యూబు ఉండాలి, ఎందుకంటే పంచరు షాపు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది గానీ ఆదివారం ఆరింటికి తెరవదు. వెనక ఎర్రదీపం తప్పనిసరి. ఇసుక లారీలు నడిచే దార్లు ఇవి. తెల్లవారకముందు మనం వాళ్ళకి కనపడాలి.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎండలు ముదిరే రోజుల్లో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లోపలికి తిరుగుతుంది. అందుకని అమలాపురం వైపు, సముద్రం వైపు పొద్దున్నే వెళ్ళి, తిరుగు ప్రయాణం మధ్యాహ్నం మీద పెట్టుకుంటే వచ్చేటప్పుడు గాలి వీపు తడుతుంది. వరసగా కొన్నాళ్ళు తొక్కితే ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతాయి.

ఇక చేపల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

గాలం వేయడం పొద్దుపోని వాళ్ళ పని అని మనలో ఒక చిన్నచూపు ఉంది. దానికి ఏమేం కావాలో చూడండి. ఒక వెదురు కర్ర, నైలాన్ దారం, చిన్న గాలపు ముల్లు, దానిపైన చిటికెన వేలి గోరంత సీసపు గుండు, ఆ పైన బెండు. ఇప్పుడు షాపుల్లో రంగురంగుల ప్లాస్టిక్ బెండ్లు దొరుకుతున్నాయి. జీలుగు కాడ ముక్క ఇప్పటికీ వాటికంటే తేలిక. బెండు ఎంత తేలికగా ఉంటే కింద జరిగేది అంత బాగా మనకి తెలుస్తుంది. ముల్లుకీ బెండుకీ మధ్య ఎంత దారం వదలాలన్నదే అసలు విద్య. ఎందుకంటే చేపలన్నీ ఒకే లోతులో తినవు.

బొచ్చె నోరు చూడండి, పైకి తిరిగి ఉంటుంది, అది పైనీళ్ళలో తింటుంది. శీలావతి, అదే రోహు, నడిమి నీళ్ళలో తిరుగుతుంది. ఎర్రమోసు నోరు కిందికి ఉంటుంది, అడుగున బురద వెతుక్కుంటుంది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో ఈ జాతుల్ని కలిపి పెంచుతున్నారంటే కారణం ఇదే, ఒకదాని తిండికి ఇంకోటి అడ్డు రాదు. గాలం వేసేవాడు ఆ లెక్కనే తన దారం మీద కడతాడు. జానెడు లోతులో ఎర ఉంటే ఒక జాతి, నేల తాకుతూ ఉంటే ఇంకో జాతి. ఎర కూడా అంతే. తవుడు, వేరుశనగ చెక్క కలిపి ముద్ద కడితే ఈ జాతులు వస్తాయి. వానపాము గుచ్చితే జెల్లలు, పరిగెలు, మార్పులు వస్తాయి. పశువుల సావిడి పక్కన తడిమట్టి తవ్వితే వానపాములకి కొదవలేదు.

గాలం వేశాక బెండు చూస్తూ కూర్చోవాలి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పరిగెలు ఎరని కొరికి కొరికి వదులుతుంటే బెండు టక్ టక్‌మని ఆడుతుంది, మునగదు. జెల్ల పట్టిందంటే పక్కకి ఈడ్చుకుపోతుంది. ఎర్రమోసు అడుగు నుంచి ఎర ఎత్తితే, మునగాల్సిన బెండు కాస్త పైకి లేచి వాలిపోతుంది. కొత్తవాళ్ళు అది చేప అనుకోరు. కొర్రమీనుకి ఆలోచన లేదు, ఒక్క గుటక, బెండు కనపడదు. నీళ్ళ అడుగున ఏముందో మనకి కనిపించదు, చూపుడు వేలంత బెండు చెప్పినంతే తెలుస్తుంది. ఆ కాసిన్ని కదలికలు చదవడం వచ్చాక ఒక గంట ఎలా గడిచిందో తెలియదు. ఫోను జేబులో ఉన్నా చెయ్యి దాని మీదకి పోదు, కళ్ళు తిప్పితే చేప పోతుంది.

వేసవి మొదట్లో ఒక ఉదయం బొబ్బర్లంక అవతల కాలవ గట్టున కూర్చుని ఉంటే నాటుపడవ మీద ఒక పెద్దాయన పోతూ ఆగాడు.

"ఏం బాబూ, ఏవన్నా పడ్డాయా?"

"లేదండీ. ఏడింటిదాకా కొరికాయి, తరవాత ఒక్కటీ లేదు."

"ఎండెక్కింది కదండీ. ఇప్పుడు మద్దెన ఎందుకుంటదండీ చేప? సల్లదనం చూసుకుంటది. ఆ తూటిపొద కిందకెయ్యండి. పొదకి తగలకండా ఎయ్యాలి."

ఆయన చూపించిన చోట వేస్తే కాసేపటికే బెండు ఈడ్చుకుపోయింది. నేను ముల్లు తీస్తుంటే ఆయన పడవలోంచే అరిచాడు, "గుడ్డ కప్పి పట్టుకోండి బాబూ, జెల్ల!" జెల్లకి వీపు మీదా, రెండు పక్కలా ముళ్ళుంటాయి. గుచ్చుకుంటే చెయ్యి సాయంత్రం దాకా సలుపుతుంది. ఇలాంటివి పుస్తకాల్లో ఉండచ్చు. కాలవ మీద బతికే మనిషి నోటి నుంచి, సరిగ్గా కావాల్సిన క్షణానికి వచ్చినప్పుడు ఆ మాట జన్మలో మరిచిపోం.

ఆ మనుషుల గురించే ఒక మాట చెప్పాలి. చెరువులూ మడుగులూ చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘాల చేతిలో ఉంటాయి. వాళ్ళు డబ్బు కట్టి పాడుకుని, పిల్ల వేసి పెంచుకుంటారు. మనకి సరదా, వాళ్ళకి బతుకు. సంఘం వాళ్ళని అడిగి వేయడం మర్యాద మాత్రమే కాదు, న్యాయం. నేను అడిగినచోట కాదన్నవాళ్ళు అరుదు. పైగా ఏ మూల కూర్చోవాలో వాళ్ళే చెబుతారు. రైతులు పెంచే చేపల చెరువుల జోలికి మాత్రం సరదా పేరుతో అసలు పోకూడదు.

చిన్న చేప పడితే వదిలేయాలి. వదిలే ముందు చెయ్యి తడి చేసుకోవాలి. చేప ఒంటి మీది జిగురు దానికి రక్ష, పొడి చేతికి అది అంటుకుని ఊడిపోతుంది. తరవాత నీళ్ళలో వదిలినా పుండు పడి చావచ్చు. ఇక కొర్రమీను. వానలు పడ్డాక కాలవ ఓరన, నాచు మధ్య, నీళ్ళ మీద ఎర్రటి మచ్చ ఒకటి కదులుతూ కనిపిస్తుంది. దగ్గరికెళ్ళి చూస్తే వందల కొద్దీ చిన్న పిల్లలు, ఒక్క బంతిలా కలిసి తిరుగుతుంటాయి. ఒకసారి పైకొచ్చి బుడగలు వదిలి మళ్ళీ దిగుతాయి, ఎందుకంటే కొర్రమీను గాలి పీల్చి బతికే చేప. ఆ ఎర్ర మచ్చకి కాస్త కింద నల్లటి నీడలా తల్లీతండ్రీ ఉంటాయి. కప్ప దగ్గరకొచ్చినా తరుముతాయి. అలాంటప్పుడు ఆ పెద్ద చేప ఏం చూపించినా పట్టేస్తుంది, ఆకలికి కాదు, పిల్లల మీదికి ఏదో వచ్చిందని. ఆ సమయంలో గాలం వేసి దాన్ని లాగేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కాపలా పోయిన గంటలో పరిగెలూ జెల్లలూ ఆ గుంపుని మిగల్చవు. ఒక చేప కోసం వందలు పోతాయి. ఒడ్డున కూర్చుని ఆ బంతి ఎటు పోతుందో చూడండి. నా మటుకు నాకు చేప పట్టినదానికంటే అది చూసిన ఉదయాలే బాగుంటాయి.

తెగిన నైలాన్ దారం గట్టున పారేయకండి. నీటికాకుల కాళ్ళకీ, కొంగల ముక్కులకీ చుట్టుకుంటుంది. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి, ముక్కలుగా కత్తిరించి పారేయండి.

ఏప్రిల్లో ఈ నేలంతా వేరే మనిషవుతుంది. మరమ్మతుల కోసం డెల్టా కాలవలు కట్టేస్తారు. నిండుగా పారిన కాలవ రోజురోజుకీ తగ్గి, మడుగులు మడుగులుగా విడిపోతుంది. అప్పుడు ఊరు ఊరంతా కాలవలోనే ఉంటుంది. వలలు, బుట్టలు, ఉత్త చేతులు. బురదలో మోకాళ్ళదాకా దిగి మట్టగిడసలూ మార్పులూ తడుముతుంటారు. నీళ్ళు ఇంకిపోయినా ఇవి గాలి పీల్చి బురదలో బతుకుతాయి గనక చివరిదాకా దొరుకుతాయి. అదే సమయంలో ఏడాదంతా మనం కాలవలో ఏం వేశామో కూడా బయటపడుతుంది. ప్లాస్టిక్ సంచులు, సీసాలు, పాత దేవుడి పటాలు, మందు డబ్బాలు. మన కాలవలు ఎలా ఉన్నాయో తెలియాలంటే మేనెలలో ఒకసారి గట్టున సైకిలు మీద పోవాలి. జూన్‌లో నీళ్ళు వదిలాక అదంతా మళ్ళీ కనపడదు, అయినా అక్కడే ఉంటుంది.

జులై వచ్చిందంటే గోదావరి ఎర్రబడుతుంది. దవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకెలు మా వైపు పిల్లలకి కూడా నోటికి వచ్చు. ఆ నెలల్లో లంకల్లోకి, ఇసుక తిన్నెల మీదికి సరదాగా వెళ్ళే మాటే వద్దు. ఇక్కడ చినుకు లేకపోయినా ఎగువన ఎక్కడో పడిన వాన రాత్రికి రాత్రి వచ్చేస్తుంది. పులస వచ్చేది ఆ ఎర్రనీటిలోనే. సముద్రం నుంచి ఏరు ఎదురీదుకుంటూ వస్తుంది. అది గాలానికి పడే చేప కాదు, వలకే. దాని ధర సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో బ్యారేజీ మీద సైకిలు ఆపి, గేట్లలోంచి దూకే నీళ్ళని చూస్తే చాలు.

ఆరుబయట రాత్రి గడపడానికి మాకు అసలైన కాలం తుపాన్లు తగ్గుముఖం పట్టాక, అంటే నవంబరు నెలాఖరు నుంచి మాఘం దాకా. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు మనందరికీ ఉన్నవే. వాటికి ఒక్క రాత్రి కలిపితే చాలు. దీనికి అడవికి పోనక్కర్లేదు. తెలిసినవాళ్ళ తోట, మేనమామగారి పొలం, స్నేహితుడి కళ్ళం. ఏటిగట్లూ కాలవగట్లూ ప్రభుత్వానివి, అక్కడ గుడారం వేస్తే ఎవరో ఒకరు లేపుతారు. మనిషి అనుమతి ఉన్నచోట నిద్ర బాగా పడుతుంది.

కొత్తగా వెళ్ళేవాళ్ళు ముందు వెతికేది కొబ్బరితోటే. చూడ్డానికి అంత అందమైన చోటు లేదు. అయితే కొబ్బరిచెట్టు కింద మాత్రం పడుకోకూడదు. కాయ గానీ, ఎండు మట్ట గానీ రాలితే ప్రాణం మీదికి వస్తుంది, రాత్రి గాలికి అవి రాలుతూనే ఉంటాయి. తోటలో చెట్లు లేని ఖాళీ జాగా చూసుకోవాలి, లేదంటే మామిడిచెట్టు కింద. నేల కాస్త వాలుగా ఉంటే తల ఎత్తు వైపుకి పెట్టాలి. గుడారం లేకపోయినా నష్టం లేదు. రెండు చెట్ల మధ్య తాడు కట్టి టార్పాలిన్ పరదా వాల్చుకుంటే పుష్యమాసపు మంచు ఒంటి మీద పడదు.

నేల మీద పడుకోవద్దని నా సలహా. కట్లపాము రాత్రి తిరిగే పాము. అది కరిస్తే ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు, కరిచినట్టే తెలియక తెల్లారేసరికి పరిస్థితి చేయిదాటిపోతుంది. మడత మంచం వాల్చుకుని, దాని మీద దోమతెర వేసి, అంచులు పరుపు కిందికి నాలుగు పక్కలా దోపుకుంటే దోమకీ పాముకీ కూడా అదే రక్ష. సైకిలు మీద మంచం తీసుకెళ్ళలేం గనక, మకాం వేసే తోటలో ముందే ఒకటి అడిగి పెట్టించుకోవాలి. చెప్పుల్లో కాలు పెట్టేముందు దులపాలి. రాత్రి లేస్తే టార్చి లేకుండా అడుగు వేయకూడదు. అనుకోనిది జరిగితే కట్లు కట్టడాలు, కోయడాలు వద్దు, 108కి ఫోను చేసి తిన్నగా ఆస్పత్రికి. ఇవన్నీ చెప్పి భయపెట్టాలని కాదు. ఈ నాలుగూ చూసుకున్నవాడు ధైర్యంగా పడుకోగలడు. అందుకే ఇంత విడమరిచాను.

మూడు ఇటుకలు, ఎండు మట్టలు, ఒక దాక ఉంటే వంట అయిపోతుంది. మధ్యాహ్నం పడిన మార్పుల్ని బూడిద, కళ్ళుప్పు వేసి జిగురు పోయేదాకా రుద్ది కడిగి, చింతపండు పులుసులో పచ్చిమిరపకాయలు వేసి సన్నటి మంట మీద వదిలేయాలి. గరిటె పెట్టి కలపకూడదు, దాకని పట్టుకుని తిప్పాలి. చేపల పులుసు మర్నాటికి బాగుంటుందంటారు. ఆకలిగా ఉన్నప్పుడు, చలిలో, పొగ కళ్ళలో పడుతుండగా తినే పులుసు సంగతి వేరు. చేపలు పడనినాడు వంకాయలు కాల్చుకుని పచ్చడి చేసుకోండి. అదీ మంట మీద చేయాల్సిన వంటే. భోజనాలయ్యాక రెండు కొబ్బరి డొక్కలు నిప్పుల మీద వేస్తే ఆ పొగకి దోమలు దూరంగా ఉంటాయి.

అప్పుడు తలెత్తి చూడాలి. పుష్యమాసంలో రాత్రి ఎనిమిదింటికి నడినెత్తిన ఒక చిన్న చుక్కల ముద్ద ఉంటుంది, పిల్లలకోడి. దానికి ఆగ్నేయంగా వరసలో మూడు చుక్కలు, గొల్లకావడి. మా అమ్మమ్మకి ఇవి గడియారం. గొల్లకావడి ఎక్కడికొచ్చిందో చూసి, తెల్లారడానికి ఎంతుందో చెప్పేది. ఊళ్ళో వీధిదీపాల కింద పిల్లలకి ఈ పేర్లు చెబితే ఎటు చూడాలో తెలియక ఊరుకుంటారు. తోటలో ఒక్కసారి చూపిస్తే మర్నాడు వాళ్ళే వేరేవాళ్ళకి చూపిస్తారు.

పిల్లలంటే గుర్తొచ్చింది. మా వైపు ఆడపిల్లలు సైకిలు తొక్కని ఊరు లేదు, బడికి గుంపులు గుంపులుగా గట్ల మీద పోతుంటారు. పదో తరగతి అవగానే చాలామంది సైకిలు మూలపడుతుంది. తమ్ముడు నాన్నతో గాలం వేయడానికి వెళతాడు, అక్క వెళ్ళదు. ఎందుకు వెళ్ళకూడదో నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. చీకటి భయమైతే అందరూ కలిసే వెళ్ళండి, అమ్మ కూడా రావాలి. ఇంటి నుంచి గంట దూరంలో ఉన్న నేల మీద ఇంట్లో సగం మందికి అడుగుపెట్టే అలవాటు లేకపోవడం చిన్న లోటు కాదు.

వినేవాళ్ళలో మొదటిసారి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట చెప్పి ముగిస్తాను. అన్నీ ఒకేసారి పెట్టుకోకండి. ఈ ఆదివారం ఉత్త సైకిలే. తెల్లవారకముందు బయల్దేరండి, దగ్గర్లో నీళ్ళున్న చోటు ఏదైనా చూసుకోండి. మా ఊరివాళ్ళయితే బొబ్బర్లంక దాకా చాలు. అక్కడ టీ తాగి, కాలవలో ఎవరు ఎక్కడ గాలం వేస్తున్నారో చూసి, ఎండెక్కేలోపు తిరిగొచ్చేయండి. వచ్చే నెల అదే చోటికి వెళ్ళండి, ఈసారి గాలం, ఎర, గొడుగు, ఇంటి నుంచి తాగే నీళ్ళు తీసుకెళ్ళండి. అక్కడి మనుషులతో మాట కలుస్తుంది. రాత్రి మకాం సంగతి చలికాలానికి చూసుకోవచ్చు. అప్పటికి తోట ఎవరిదో, ఎవరిని అడగాలో మీకే తెలిసి ఉంటుంది.